టెస్ట్ డొమైన్ కట్టాలంటే ముందు సర్వర్ కాదు, నెట్‌వర్క్ కట్టండి

ల్యాప్‌టాప్ కొనేముందు సలహా అడిగే వాళ్లలో ఒక బ్యాచ్ ఎప్పుడూ ఉంటుంది. వాళ్లకి గేమింగ్ అక్కర్లేదు, వీడియో ఎడిటింగ్ అక్కర్లేదు. "సిస్టమ్ అడ్మిన్ కోర్సులో చేరుతున్నా అన్నా, 8 జీబీ ర్యామ్ సరిపోతుందా?" అనేదే వాళ్ల ప్రశ్న. కొంచెం పెద్దవాళ్లయితే ఇంకోలా అడుగుతారు: "మా ఆఫీసులో 40 సిస్టమ్స్ ఉన్నాయండీ, డొమైన్ పెట్టాం. ఏదైనా సెట్టింగ్ మార్చాలంటే భయంగా ఉంది, ఎక్కడ ట్రై చేయాలి?" ఈ ఇద్దరికీ నేను చెప్పే సమాధానం ఒక్కటే. మీ సొంత ల్యాప్‌టాప్‌లో నాలుగు గోడల మధ్య ఒక చిన్న ఆఫీసు కట్టుకోండి. అంటే వర్చువల్ మెషీన్లతో ఒక టెస్ట్ డొమైన్ అన్నమాట.

దీని మీద తెలుగులో కూడా వీడియోలు బోలెడున్నాయి. వాటితో నాకున్న పేచీ ఏంటంటే, దాదాపు అన్నీ విండోస్ సర్వర్ ఇన్‌స్టాల్ చేయడంతో మొదలవుతాయి. నెట్‌వర్క్ దగ్గరికి వచ్చేసరికి "బ్రిడ్జ్‌డ్ పెట్టేయండి, ఇంటర్నెట్ వస్తుంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నా ఉద్దేశంలో ఇది పూర్తిగా తలకిందుల పద్ధతి. టెస్ట్ డొమైన్‌లో అసలు విషయం నెట్‌వర్కే. అది సరిగ్గా కుదిరితే మిగతాదంతా సాయంత్రం పని. అది తేడా కొడితే నెలరోజులు కూర్చున్నా "డొమైన్ కంట్రోలర్‌ను కాంటాక్ట్ చేయలేకపోయాం" అనే ఎర్రర్ దగ్గరే ఆగిపోతారు.

అసలు ఇంత కష్టం ఎందుకు?

2024 జూలై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కి వచ్చిన ఒక్క అప్‌డేట్ వల్ల ప్రపంచవ్యాప్తంగా విండోస్ మెషీన్లు నీలి తెర దగ్గర ఆగిపోయాయి. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం సుమారు 85 లక్షల మెషీన్లు. మన దేశంలో ఎయిర్‌పోర్టుల్లో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చిన రోజు అది. మొత్తం విండోస్ మెషీన్లలో అది 1 శాతం కంటే తక్కువేనని కూడా మైక్రోసాఫ్టే చెప్పింది. ఆ తర్వాత క్రౌడ్‌స్ట్రైక్ తన అప్‌డేట్లను దశలవారీగా పంపుతామని ప్రకటించింది. అంటే ముందు కొద్ది మెషీన్ల మీద చూసి, తర్వాతే అందరికీ అన్నమాట.

అంత పెద్ద కంపెనీ పాఠం మన 40 సిస్టమ్స్ ఆఫీసుకి ఇంకా బాగా వర్తిస్తుంది. ఎందుకంటే డొమైన్ అంటేనే ఒకచోట నొక్కిన బటన్ అన్నిచోట్లా పనిచేయడం. గ్రూప్ పాలసీలో ఒక గీత మారిస్తే, డిఫాల్ట్‌గా 90 నిమిషాలు, దానిపైన మరో 30 నిమిషాల వరకు తేడాతో ప్రతి కంప్యూటర్ వచ్చి ఆ మార్పును తీసుకుపోతుంది. అది మంచి మార్పైనా సరే, చెడ్డ మార్పైనా సరే. పెన్‌డ్రైవ్‌లు బ్లాక్ చేద్దామని పెట్టిన పాలసీ బయోమెట్రిక్ మెషీన్‌నో, డిజిటల్ సంతకం టోకెన్‌నో కూడా ఆపేసిందనుకోండి, జీఎస్టీ రిటర్న్ ఆఖరి రోజున అకౌంటెంట్ గారు మీ సీటు దగ్గరికి వచ్చి నిలబడతారు.

వెనక్కి తీసుకోలేనివి కూడా ఉన్నాయి. యాక్టివ్ డైరెక్టరీ స్కీమాలో ఒకసారి చేర్చిన దాన్ని తీసేయలేం, మహా అయితే డీయాక్టివేట్ చేయగలం. రీసైకిల్ బిన్ ఫీచర్ ఒకసారి ఆన్ చేస్తే మళ్లీ ఆఫ్ చేయడం కుదరదు. అది ఆన్ చేయాల్సిందే అనుకోండి, అయినా ఆన్ చేసేముందు ఎలా ఉంటుందో ఒకసారి కళ్లతో చూసుకోవడానికి మనకో చోటు ఉండాలి కదా.

ఇక స్టూడెంట్ల సంగతి. ఇన్‌స్టిట్యూట్ ల్యాబ్‌లో రోజుకి ఒక గంట, ఇద్దరికో ముగ్గురికో ఒక సిస్టమ్. అక్కడ సార్ చెప్పిన క్లిక్కులు చెప్పినట్టు నొక్కడమే తప్ప, పాడుచేసి చూసే స్వేచ్ఛ ఉండదు. ఇంటర్వ్యూలో అడిగేవి మాత్రం పాడైనప్పుడు ఏం చేస్తావనే ప్రశ్నలే. పాడుచేయకుండా ఆ జవాబులు రావు.

"బ్రిడ్జ్‌డ్ పెట్టేయండి" అనే సలహా ఎందుకు వద్దు?

బ్రిడ్జ్‌డ్ మోడ్ అంటే మీ వర్చువల్ మెషీన్ మీ ఇంటి వైఫైలోకి మరో ఫోన్ లాగా, మరో టీవీ లాగా నేరుగా వచ్చి కూర్చుంటుంది. రూటర్ దానికి అడ్రస్ ఇస్తుంది, ఇంటర్నెట్ వస్తుంది. ఇంతవరకు సుఖమే.

టెస్ట్ డొమైన్ నేర్చుకునేవాళ్లు తర్వాత చేసే పని డీహెచ్‌సీపీ సర్వర్ పెట్టడం. నెట్‌వర్క్‌లోకి వచ్చిన ప్రతి పరికరానికీ ఐపీ అడ్రస్ పంచిపెట్టే సర్వర్ అది. ఇప్పుడు మీ ఇంట్లో అడ్రసులు పంచేవాళ్లు ఇద్దరయ్యారు: ఒకటి రూటర్, రెండోది మీ వర్చువల్ సర్వర్. ఫోన్ వైఫైకి కనెక్ట్ అయ్యేటప్పుడు ఎవరు ముందు పలికితే వాళ్ల అడ్రస్సే తీసుకుంటుంది. మీ సర్వర్ ముందు పలికితే గేట్‌వే తప్పు, డీఎన్‌ఎస్ తప్పు. హాల్లో నాన్నగారి సీరియల్ ఆగిపోతుంది. ఇంట్లో అయితే తిట్లతో పోతుంది. అదే ఎస్‌ఆర్ నగర్‌లోనో అమీర్‌పేటలోనో 60 మంది ఉండే హాస్టల్ వైఫై మీద జరిగితే? ఆఫీసు నెట్‌వర్క్ మీద జరిగితే? "అనుమతి లేకుండా డీహెచ్‌సీపీ నడిపాడు" అనేది ఉద్యోగానికే ఎసరు తెచ్చే విషయం.

డొమైన్‌లో ఉన్న విండోస్ డీహెచ్‌సీపీ సర్వర్‌కి ఆథరైజేషన్ కావాలి కదా, అది కాపాడదా అని కొందరు అంటారు. కాపాడదు. ఆ ఆథరైజేషన్ ఇచ్చేది మీ టెస్ట్ డొమైనే. అడ్మినిస్ట్రేటర్ మీరే. మీకు మీరే అనుమతి ఇచ్చుకుంటారు.

దీనికితోడు చాలా వైఫై కార్డులతో బ్రిడ్జింగ్ సరిగ్గా కుదరదు. ఊరెళ్లినా, హాట్‌స్పాట్‌కి మారినా అడ్రసులు మారిపోతాయి. డొమైన్ కంట్రోలర్‌కి మాత్రం అడ్రస్ మారకూడదు. అందుకే నా లెక్కలో టెస్ట్ డొమైన్‌కి బ్రిడ్జ్‌డ్ అనేది మొదటి ఎంపిక కాదు, ఆఖరి ఎంపిక కూడా కాదు.

మరి ఏది పెట్టాలి?

వర్చువల్‌బాక్స్‌లో చూద్దాం. అది ఉచితం, విండోస్ హోమ్ ఎడిషన్‌లో కూడా నడుస్తుంది. అందులో నెట్‌వర్క్ మోడ్‌లు ఇలా ఉంటాయి.

మామూలు నాట్: ఇదే డిఫాల్ట్. ప్రతి వర్చువల్ మెషీన్‌కీ విడిగా ఒక బుల్లి రూటర్ పెట్టినట్టు. ఇంటర్నెట్ వస్తుంది, కానీ రెండు మెషీన్లకి ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు. రెండింట్లోనూ ఐపీకాన్ఫిగ్ కొట్టి చూడండి, రెండింటికీ 10.0.2.15 అనే ఉంటుంది. కొత్తవాళ్లు సగంమంది ఇక్కడే తల బాదుకుంటారు.

ఇంటర్నల్ నెట్‌వర్క్: వర్చువల్ మెషీన్లు మాత్రమే మాట్లాడుకుంటాయి. మీ ల్యాప్‌టాప్‌కి కూడా అందులోకి దారి లేదు. ఇంటర్నెట్ లేదు.

హోస్ట్-ఓన్లీ: పైదే, కాకపోతే మీ ల్యాప్‌టాప్ కూడా అందులో ఉంటుంది.

నాట్ నెట్‌వర్క్: మెషీన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి, బయటికి ఇంటర్నెట్ కూడా వెళ్తాయి. బయటివాళ్లు లోపలికి రాలేరు.

మొదటిసారి కట్టేవాళ్లకి నా ఓటు నాట్ నెట్‌వర్క్‌కే. ఒక షరతు మాత్రం ఉంది: అందులో వర్చువల్‌బాక్స్ సొంతంగా ఇచ్చే డీహెచ్‌సీపీని తప్పకుండా ఆఫ్ చేయాలి, లేదంటే మళ్లీ పంచేవాళ్లు ఇద్దరు. రెండోసారి కట్టేటప్పుడు ఇంటర్నల్ నెట్‌వర్క్‌కి వెళ్లండి. ఇంటర్నెట్ కోసం ఒక చిన్న రూటర్ మెషీన్ విడిగా పెట్టుకోండి. అప్పుడు గేట్‌వే అంటే ఏంటో పుస్తకంలో చదివినట్టు కాక చేత్తో పట్టుకున్నట్టు అర్థమవుతుంది.

ఇంటర్నెట్ కోసం డొమైన్ కంట్రోలర్‌కే రెండో నెట్‌వర్క్ కార్డు తగిలించే షార్ట్‌కట్ ఒకటి ఉంది. వద్దు. అది తన రెండు అడ్రసులనీ డీఎన్‌ఎస్‌లో రాసేసుకుంటుంది. క్లయింట్ అడిగినప్పుడు ఒకసారి ఈ అడ్రస్, ఒకసారి ఆ అడ్రస్ చెబుతుంది. రెండో అడ్రస్ క్లయింట్‌కి అందదు. ఒకసారి పనిచేసి ఒకసారి చేయని సమస్యంత దరిద్రం ఇంకోటి లేదు.

విండోస్ ప్రో ఉన్నవాళ్లకి హైపర్-వీ ఎలాగూ వస్తుంది. అందులో స్విచ్‌లు ఎక్స్‌టర్నల్, ఇంటర్నల్, ప్రైవేట్ అని మూడు. ఎక్స్‌టర్నల్ అంటే బ్రిడ్జ్‌డ్. దానంతట అదే వచ్చే డిఫాల్ట్ స్విచ్‌ని డొమైన్‌కి వాడకండి. ల్యాప్‌టాప్ రీస్టార్ట్ అయితే దాని అడ్రస్ రేంజ్ మారిపోవచ్చు, మీ సర్వర్‌కి పెట్టిన స్టాటిక్ ఐపీ గాల్లో వేలాడుతుంది. ఇంటర్నల్ స్విచ్ ఒకటి మీరే చేసుకుని, పవర్‌షెల్‌లో దానికి నాట్ తగిలించుకోండి. వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో కూడా 2024 నవంబర్ నుంచి అందరికీ ఉచితమే. మూడింట్లో ఏదైనా పర్లేదు. సాఫ్ట్‌వేర్ గురించి కొట్టుకోవడం అనవసరం, నెట్‌వర్క్ బొమ్మ కాగితం మీద ముందే గీసుకోవడం అవసరం.

కాగితం మీద గీయాల్సిన బొమ్మ

నేను సూచించేది ఇది. నెట్‌వర్క్ 192.168.50.0/24. ఇంటి రూటర్లు ఎక్కువగా 192.168.0 లేదా 192.168.1 రేంజ్‌లో ఉంటాయి కాబట్టి వాటికి దూరంగా ఉన్నాం. గేట్‌వే 192.168.50.1. డొమైన్ కంట్రోలర్ 192.168.50.10, ఇది స్టాటిక్. డీహెచ్‌సీపీ పంచేది 192.168.50.100 నుంచి 150 వరకు. క్లయింట్లకి డీఎన్‌ఎస్‌గా వెళ్లాల్సింది 192.168.50.10 ఒక్కటే.

ఈ "ఒక్కటే" అన్న మాట దగ్గర ఆగండి. "సేఫ్టీకి రెండో డీఎన్‌ఎస్‌గా 8.8.8.8 పెడదాం" అనిపిస్తుంది అందరికీ. డొమైన్‌లో చేరేటప్పుడు క్లయింట్ చేసే మొదటి పని, ఈ డొమైన్‌కి కంట్రోలర్ ఎవరని డీఎన్‌ఎస్‌ని అడగడం. ఆ సమాచారం ఎస్‌ఆర్‌వీ రికార్డుల రూపంలో మీ సర్వర్ దగ్గరే ఉంటుంది. గూగుల్‌కి మీ టెస్ట్ డొమైన్ ఎవరో తెలియదు కదా, "అలాంటి పేరే లేదు" అంటుంది. మొదటి డీఎన్‌ఎస్ పలకనప్పుడు రెండో దాన్ని అడగడమే కానీ, "లేదు" అన్న జవాబు వచ్చాక క్లయింట్ ఇంకో తలుపు తట్టదు. "లేదు" కూడా జవాబే. ఇంటర్నెట్ కావాలంటే క్లయింట్‌లో కాదు, సర్వర్‌లోని డీఎన్‌ఎస్ ఫార్వర్డర్‌లో 8.8.8.8 రాయండి. తనకి తెలియనివి సర్వరే బయట అడిగి తెచ్చిస్తుంది.

డొమైన్ పేరు విషయంలో కూడా పాత వీడియోలను నమ్మకండి. డాట్ లోకల్ అని పెట్టడం ఒకప్పటి అలవాటు. ఆ పేరును ఇంట్లో ప్రింటర్లు, టీవీలు ఒకదాన్నొకటి వెతుక్కునే మల్టీకాస్ట్ డీఎన్‌ఎస్‌కి 2013లోనే కేటాయించేశారు. టెస్టింగ్ కోసమే 1999 నుంచి డాట్ టెస్ట్ అని ఒకటి రిజర్వ్ చేసి ఉంది, అది వాడండి. లోపలి నెట్‌వర్క్‌ల కోసం డాట్ ఇంటర్నల్‌ని ఐకాన్ 2024లో పక్కన పెట్టింది, అదీ బాగానే ఉంటుంది. మీకు సొంత వెబ్‌సైట్ పేరుంటే దానికింద ఒక సబ్‌డొమైన్ ఇంకా మంచిది.

పేరులో ఏముందిలే అనుకునేవాళ్లకి కార్ప్ డాట్ కామ్ కథ చెప్పాలి. విండోస్ 2000 రోజుల్లో మైక్రోసాఫ్ట్ ఉదాహరణల్లో కార్ప్ అనే పేరు కనిపించేది. చాలా కంపెనీలు తమ లోపలి డొమైన్‌కి అదే పెట్టేసుకున్నాయి. ఉద్యోగి ల్యాప్‌టాప్ ఆఫీసు దాటి బయటి వైఫైలోకి వచ్చినప్పుడు, లోపలి సర్వర్ కోసం వెతుకుతూ నిజమైన కార్ప్ డాట్ కామ్ తలుపు తట్టేది, లాగిన్ సమాచారంతో సహా. ఆ పేరు దుర్మార్గుల చేతిలో పడకూడదని 2020లో మైక్రోసాఫ్టే దాన్ని కొనేసింది.

8 జీబీ సరిపోతుందా అన్న ప్రశ్నకి వద్దాం

లెక్క సింపుల్. విండోస్ 11, దానిమీద బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు అంటే 5 నుంచి 6 జీబీ. డొమైన్ కంట్రోలర్‌కి 2 జీబీ. విండోస్ 11 క్లయింట్‌కి 4 జీబీ, అంతకంటే తక్కువైతే ఇన్‌స్టాలే అవనంటుంది. ఇంకో మెంబర్ సర్వర్ పెడితే 2. మొత్తం 13, 14 జీబీ. అంటే 16 జీబీ ఉంటేనే ఊపిరి ఆడుతుంది. కాబట్టి కొత్తగా కొనేవాళ్లకి నా మాట: ప్రాసెసర్‌లో ఒక మెట్టు తగ్గినా పర్లేదు, ర్యామ్ దగ్గర తగ్గకండి. ఇంకా ముఖ్యంగా, ర్యామ్ బోర్డుకి సోల్డర్ చేసిన మోడల్ అయితే తర్వాత పెంచుకోలేరు. స్పెక్ షీట్‌లో ఎల్‌పీడీడీఆర్ అని కనిపిస్తే సాధారణంగా సోల్డర్ చేసినట్టే. సన్నగా, అందంగా ఉందని 8 జీబీ సోల్డర్డ్ ల్యాప్‌టాప్ కొంటే, ఈ పనికి అది మొదటిరోజే పాతబడినట్టు లెక్క.

ఇంకో హెచ్చరిక. స్నాప్‌డ్రాగన్ ల్యాప్‌టాప్‌లు, ఆపిల్ ఎం సిరీస్ మ్యాక్‌బుక్‌లు బ్యాటరీలో రాజాలే, నేనూ మెచ్చుకుంటాను. కానీ ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల కోసం తయారైన విండోస్ సర్వర్‌ని వాటిమీద నడపాలంటే ఎమ్యులేషన్ తప్పదు. అది ఎడ్లబండి వేగం. ఈ పని మీ చదువులో భాగమైతే ఇంటెల్ లేదా ఏఎండీ వైపే ఉండండి.

మరి ఇప్పటికే 8 జీబీ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ల గతేంటి? దారి ఉంది. డొమైన్ కంట్రోలర్‌ని డెస్క్‌టాప్ లేని సర్వర్ కోర్‌గా పెట్టి 1 జీబీ ఇవ్వండి. క్లయింట్‌గా విండోస్ 11కి బదులు ఇంకో విండోస్ సర్వర్‌నే డెస్క్‌టాప్‌తో 2 జీబీలో పెట్టి డొమైన్‌లో చేర్చండి. చేరడం, లాగిన్, గ్రూప్ పాలసీ చాలావరకు అన్నీ అందులోనే చూడొచ్చు. బ్రౌజర్ మూసేసి, నోట్స్ ఫోన్‌లో చదువుకోండి. నెమ్మదిగా ఉంటుంది, కానీ పని నడుస్తుంది. ఎస్‌ఎస్‌డీ మాత్రం తప్పనిసరి. పాత హార్డ్ డిస్క్ మీద రెండు వర్చువల్ మెషీన్లు బూట్ చేస్తే టీ పెట్టుకుని, తాగి, గ్లాసు కడిగి రావచ్చు.

మెషీన్లు మరీ నత్తనడక నడుస్తుంటే రెండు చూడండి. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ పేజీలో వర్చువలైజేషన్ ఎనేబుల్డ్ అని ఉండాలి, లేకపోతే బయోస్‌లో ఆన్ చేయాలి. ఏఎండీ బోర్డుల్లో దాని పేరు ఎస్‌వీఎం అని ఉంటుంది. రెండోది, వర్చువల్‌బాక్స్ కింది పట్టీలో ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తోందా? అంటే హైపర్-వీ వెనకాల ఆన్‌లో ఉండి, వర్చువల్‌బాక్స్ దాని మీదుగా నడుస్తోందని అర్థం. బొమ్మ పెట్టినవాళ్లు నిజాయితీగానే పెట్టారు.

లైసెన్స్ గురించి కూడా ఒక మాట. విండోస్ సర్వర్ ఎవాల్యుయేషన్ కాపీని మైక్రోసాఫ్టే 180 రోజులకి, విండోస్ 11 ఎంటర్‌ప్రైజ్‌ని 90 రోజులకి ఉచితంగా ఇస్తుంది. నేర్చుకోవడానికి ఇది ఎక్కువే. గడువు దాటితే సర్వర్ గంటకోసారి దానంతట అదే ఆగిపోతుంది, అప్పుడు మళ్లీ కట్టండి. రెండోసారి కట్టడంలోనే అసలు చదువుంది. టెలిగ్రామ్‌లో దొరికే యాక్టివేటర్లు మాత్రం ముట్టుకోకండి. సెక్యూరిటీ నేర్చుకోవడానికి కట్టే ల్యాబ్‌లోకి మనమే దొంగని పిలిచినట్టు అవుతుంది.

క్లోన్లు, స్నాప్‌షాట్లు: సౌకర్యమే, కానీ మెలిక ఉంది

ఒక సర్వర్ ఇన్‌స్టాల్ చేసి దాన్ని కాపీ కొట్టుకుంటూ పోవడం అందరికీ ఇష్టం. కాపీ కొట్టేముందు సిస్‌ప్రెప్‌లో జనరలైజ్ పెట్టి నడపండి. లేకపోతే రెండు మెషీన్లకీ ఒకటే ఎస్‌ఐడీ ఉంటుంది. మొదటిది డొమైన్ కంట్రోలర్ అయితే దాని ఎస్‌ఐడీయే డొమైన్ ఎస్‌ఐడీ అవుతుంది. ఇక దాని కవల వచ్చి ఆ డొమైన్‌లో చేరతానంటే కుదరదని ఎర్రర్ ఇస్తుంది.

స్నాప్‌షాట్‌లో మెలిక ఇంకోరకం. డొమైన్‌లో ఉన్న ప్రతి కంప్యూటర్‌కీ ఒక రహస్య పాస్‌వర్డ్ ఉంటుంది, అది డిఫాల్ట్‌గా 30 రోజులకోసారి తనంతట తనే మారుతుంది. క్లయింట్‌ని మాత్రమే రెండు నెలల కిందటి స్నాప్‌షాట్‌కి తీసుకెళ్తే, దాని దగ్గర పాత పాస్‌వర్డ్, సర్వర్ దగ్గర కొత్తది. "ట్రస్ట్ రిలేషన్‌షిప్ ఫెయిల్డ్" అనే సుప్రసిద్ధ మెసేజ్ అప్పుడే వస్తుంది. పరిష్కారం తేలికే: అన్ని మెషీన్లనీ షట్‌డౌన్ చేసి ఒకేసారి స్నాప్‌షాట్ తీయండి, వెనక్కి వెళ్తే అందరూ కలిసే వెళ్లండి. గడియారం కూడా అంతే. కెర్బరోస్ లాగిన్ డిఫాల్ట్‌గా 5 నిమిషాల తేడా వరకే ఒప్పుకుంటుంది. ల్యాప్‌టాప్ మూత మూసి మర్నాడు తెరిచినప్పుడు మెషీన్ల టైమ్ ఒకసారి చూసుకోండి.

"ఇదంతా పాత చింతకాయ పచ్చడి కదా?"

ఇది నాకు తరచూ వినిపించే వాదన. అంతా క్లౌడ్ అయిపోయింది, యాక్టివ్ డైరెక్టరీ ఎవరికి కావాలి, ఎంట్రా ఐడీ నేర్చుకుంటే చాలు అంటారు. సగం నిజం ఉంది. కొత్తగా పెట్టే చిన్న కంపెనీకి సొంత సర్వర్ అవసరం లేకపోవచ్చు. కానీ ఇప్పటికే నడుస్తున్న ఆసుపత్రులు, కాలేజీలు, బ్యాంకులు, ఫ్యాక్టరీలు తమ డొమైన్‌ని అలాగే ఉంచి దాన్ని క్లౌడ్‌తో సింక్ చేస్తున్నాయి. ఉద్యోగాలు అక్కడున్నాయి. మైక్రోసాఫ్ట్ కూడా 2024 నవంబర్‌లో వచ్చిన విండోస్ సర్వర్ 2025లో యాక్టివ్ డైరెక్టరీకి కొత్త ఫంక్షనల్ లెవెల్ ఇచ్చింది, 2016 వెర్షన్ తర్వాత ఇదే మొదటిది. చచ్చిపోయిందనుకున్న దానికి ఎవరూ అంత పని పెట్టుకోరు.

"అయితే క్లౌడ్‌లోనే ల్యాబ్ పెట్టుకుంటాం" అనేవాళ్లకి రెండు మాటలు. మొదటిది, రాత్రి ఆపడం మర్చిపోతే మీటర్ తిరుగుతూనే ఉంటుంది, బిల్లు నెలాఖరున కనిపిస్తుంది. రెండోది అంతకంటే ముఖ్యం: అజూర్ లాంటి చోట వర్చువల్ నెట్‌వర్క్‌లో బ్రాడ్‌కాస్ట్, మల్టీకాస్ట్ ఉండవు. అడ్రసులు పంచే పని వాళ్లే చూసుకుంటారు. సౌకర్యమే, కానీ నెట్‌వర్క్‌లో మీరు నేర్చుకోవాల్సినవి సరిగ్గా అవే. వండిపెట్టిన భోజనం తిని వంట వచ్చిందనుకున్నట్టు ఉంటుంది.

ఆఫీసు అడ్మిన్లకి ఒక గట్టి మాట

టెస్ట్ డొమైన్ అసలుదానిలా ఉండాలని, ఆఫీసులోని నిజమైన డొమైన్ కంట్రోలర్ బ్యాకప్‌నే తెచ్చి ల్యాప్‌టాప్‌లో ఎక్కించమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆ డిస్క్‌లో ప్రతి ఉద్యోగి పాస్‌వర్డ్ హ్యాష్ ఉంటుంది, ఎండీ గారిది కూడా. మీ బ్యాగు మెట్రోలో పోతే పోయేది ల్యాప్‌టాప్ ఒక్కటే కాదు, మొత్తం కంపెనీ తాళాలు. పైగా ఆ కాపీ పొరపాటున నిజమైన నెట్‌వర్క్‌ని తాకితే ఒకే పేరుతో ఇద్దరు కంట్రోలర్లు తయారవుతారు. దాని బదులు ఓయూల ఆకారం, గ్రూప్ పాలసీలు మాత్రం ఎగుమతి చేసుకుని, యూజర్లని పవర్‌షెల్‌తో కల్పిత పేర్లతో సృష్టించండి. 50 మంది కల్పిత ఉద్యోగులు 2 నిమిషాల పని.

డొమైన్ లేచి నిలబడ్డాక చేయాల్సిన మొదటి పని దాన్ని మెచ్చుకోవడం కాదు, పాడుచేయడం. క్లయింట్‌లో డీఎన్‌ఎస్ అడ్రస్ మార్చి ఏ ఎర్రర్ వస్తుందో రాసుకోండి. ఒక యూజర్‌ని డిలీట్ చేసి రీసైకిల్ బిన్ నుంచి వెనక్కి తెండి. పాస్‌వర్డ్ పాలసీని ఒక ఓయూకి తగిలించి, డొమైన్ యూజర్ల మీద అది ఎందుకు పనిచేయట్లేదో కనుక్కోండి. ఇది ఇంటర్వ్యూల్లో అడిగే ప్రశ్న కూడా. డీహెచ్‌సీపీ ఆపేసి క్లయింట్‌కి 169.254 తో మొదలయ్యే అడ్రస్ ఎలా వచ్చిందో చూడండి. ఒక్కో ఎర్రర్‌కీ ఒక్కో లైను చొప్పున నోట్‌బుక్‌లో రాసుకుంటే, అదే మీ రెజ్యూమెలో సర్టిఫికెట్ కంటే బరువైన కాగితం.

సర్వర్ ఇన్‌స్టాల్ చేయడం నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్. అది ఎవరైనా చేస్తారు. ఏ మెషీన్ ఎవరితో మాట్లాడాలి, ఎవరితో మాట్లాడకూడదు, పేరు ఎవరిని అడగాలి, అడ్రస్ ఎవరు ఇవ్వాలి అని ముందే తేల్చుకున్నవాళ్లే మంచి అడ్మిన్ అవుతారు. కాబట్టి ఈ వారాంతం ఐఎస్ఓ డౌన్‌లోడ్ అయ్యేలోపు ఒక తెల్లకాగితం తీసి ఆ బొమ్మ గీయండి. డౌన్‌లోడ్ ఎలాగూ టైమ్ తీసుకుంటుంది.